మౌన్సీ తోపులో బూడిద

"మౌన్సీ బూడిదయ్యాడట!"

జూన్ మొదటి మంగళవారం పొద్దున పది గంటలకు మాడ్ టిన్నిస్‌వుడ్ ఫోనులో అన్న మాట ఇది. పదిన్నరకల్లా థోర్న్‌బెక్ లోయలో ఉన్న పదిహేడు ఇళ్ళూ ఆ మాట విన్నాయి. పదకొండుకు పాస్టరమ్మ చర్చి గంట తాడు పట్టుకుని, లాగాలా వద్దా అని నిలబడింది. మధ్యాహ్నానికి తొమ్మిది ఇళ్ళలో తొమ్మిది పంది తొడలు పొయ్యెక్కాయి. మా వైపు మనిషి పోతే ముందు హ్యామ్, కన్నీళ్ళు తర్వాత. "ఆయన్ని హ్యామ్ పెట్టి సాగనంపారు" అంటే ఆ బతుక్కి అంతకు మించిన బిరుదు లేదు.

"ఎలా పోయాడంట?"

"పొయ్యి అంటుకుని ఉంటుంది."

"ఆ ఇంట్లో పొయ్యెక్కడ వెలిగింది? ఆయన పెళ్ళాం ఎల్సీ పోయిన కాణ్ణుంచీ చల్లటి తిండేగా."

"అయితే దహనం కూడా చేసేసుంటారు."

"మనకి చెప్పకుండానా?"

"ఆ మనిషి ఎప్పుడు ఏం చెప్పాడని? చూడు, ఆఖరికి తన చావుకి కూడా మనల్ని పిలవలేదు!"

మర్నాడు పొద్దున తొమ్మిదిమంది ఆడవాళ్ళు నల్లబట్టలు కట్టుకుని, గుడ్డ కప్పిన పళ్ళేలు పట్టుకుని మౌన్సీ గుమ్మం ముందు వరసగా నిలబడ్డారు. పాస్టరమ్మ తలుపు తట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. తలుపు తీసింది మౌన్సీయే. ఒక చెంపకు సబ్బు నురగ, చేతిలో గడ్డం కత్తి.

"ఏంటిది?" అన్నాడు. ఆయన ఆ వారంలో మాట్లాడిన మొదటి మాట అదే అయ్యుంటుంది.

చచ్చిపోయావనుకున్నాం అని బతికున్నవాడి మొహం మీదే చెప్పడం మా లోయలో మర్యాద కాదు. "ఏం లేదు జాస్, ఊరికే ఇలా వెళ్తూ..." అని గొణిగి, తొమ్మిది హ్యాములూ అరుగు మీద దింపి, వచ్చిన వరసలోనే వెనక్కి తిరిగారు.

అసలు సంగతి చెప్తాను. ఆ కబురు మొదలుపెట్టింది నేను. నా పేరు టెడ్ బర్కెట్. ఈ ఉత్తరదేశంలో ముప్ఫై ఏళ్ళుగా ఉత్తరాలు పంచుతున్నవాణ్ణి. దేవుడు నాకు ఇద్దరి గొంతు ఇచ్చి ఒకడి జీతం ఇప్పించాడు. ఆ మంగళవారం మౌన్సీకి ఉత్తరం ఇవ్వడానికి వెళ్ళి, పెరట్లో పిట్టలకు గింజలు వేసే బల్ల మీద ఒక ఉడతను చూశాను. బూడిద రంగు ఉడత. వెంటనే దారి మొనన ఉన్న ఫోను డబ్బాలోకి పరిగెత్తి, మాడ్‌కి ఫోను చేసి, "మౌన్సీ తోపులో బూడిదయ్యో!" అని అరిచాను.

మా దగ్గర సెల్‌ఫోనుకు గాలి అందదు. అందుకని బూడిద కనిపించినప్పుడు ఇంటి నుంచి ఇంటికి ఫోను చేసుకునే గొలుసు ఒకటి పెట్టుకున్నాం. నేను మాడ్‌కి, మాడ్ పాస్టరమ్మకి, పాస్టరమ్మ ఆ పై ఇంటికి. నేను అన్నది ఒకటి, మాడ్ అందించింది ఇంకొకటి. ఇంకేం, లోయంతా మాడ్ మాడు మీద మొట్టింది. "దాని ఎడమ చెవి ఎప్పుడో పోయింది, గొలుసులోంచి తీసెయ్యాలి" అన్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

మాకు బూడిద రంగంటే పగేమీ లేదు. మా ఆకాశం బూడిద, మా రాళ్ళు బూడిద, మా గొర్రెలు నల్లగా పుట్టి బూడిదగా పెరుగుతాయి, మా తలలు సరేసరి. ఈ లోయలో ఎర్రగా మిగిలినవి రెండే. ఒకటి చలికి నా ముక్కు, రెండోది మా ఉడత. చిన్నది, చెవుల మీద కుచ్చులు, కాలుతున్న కాగడా లాంటి తోక. వీపు మీద చారలు ఉండవు. ఏ దేవుడూ నిమరలేదు కాబోలు. దేవుడు నిమరని ఉడతను మనుషులే కాచుకోవాలి.

ఆ పని నెత్తిన వేసుకున్నది విన్నీ రెల్ఫ్. డెబ్భై మూడేళ్ళు. బడిలో ముప్ఫై ఏళ్ళు వంట చేసి, మా అందరికీ గరిటెతో అన్నమూ గరిటెతోనే బుద్ధీ పెట్టిన మనిషి. పేరుకే విన్నీ, ఒకరి మాట వినదు. ఆవిడ ఇంటి వెనక దేవదారు అడవిలో ఆ వసంతంలో లెక్క పెడితే ఇరవై మూడు ఎర్ర ఉడతలున్నాయి. లోయ మొత్తానికి అవే. చెట్లకు చెక్కపెట్టెలు కట్టి, వాటిలో హేజెల్ కాయలు పోస్తుంది. ఉడత తలతో మూత ఎత్తుకుని తింటుంది. ప్రతి సోమవారం పెట్టెలన్నీ దింపి మందునీళ్ళతో కడుగుతుంది. ఎందుకంటే మశూచి. బూడిద ఉడత ఒంట్లో ఆ రోగం హాయిగా కాపురముంటుంది, దానికి తుమ్మైనా రాదు. అదే ఎర్రదానికి తగిలితే కళ్ళూ మూతీ పుళ్ళుపడి, పదిహేను రోజుల్లో చెట్టు మీంచి రాలిపోతుంది. పక్క లోయలో రెండు వేసవుల్లో ఒక్కటి మిగల్లేదు. అక్కడ విన్నీ చెల్లెలు రాలినవాటిని బూట్ల పెట్టెల్లో ఏరుకుంది.

విన్నీ అడవికీ మౌన్సీ తోపుకీ మధ్య ఒక్క రాతిగోడే అడ్డం. ఉడతకి గోడ అడ్డమా? మూడు గెంతులు.

బోను పెట్టి బూడిదను పట్టాలి. కానీ నేల మౌన్సీది, ఆయన ఊఁ అనకుండా అడుగు పెట్టడానికి లేదు. అందుకని విన్నీ గురువారం నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది.

జాస్ మౌన్సీకి మౌనం ఇంటిపేరులోనే ఉంది. డెబ్భై ఆరేళ్ళవాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని హ్యామ్ కోసుకుంటున్నాడు. అది మొదటిది, ఇంకా ఎనిమిది కొక్కేలకు వేలాడుతున్నాయి. కిటికీ బయట, ఆయన భార్య ఎల్సీ పెట్టించిన గింజల బల్ల మీద బూడిద ఉడత దర్జాగా కూర్చుని మొక్కజొన్న నములుతోంది.

"జాస్, దానికోసమే వచ్చా" అంది విన్నీ.

"తెలుసు."

"నీ తోపులో బోను పెట్టుకోనివ్వు. వారం చాలు."

"పెట్టి?"

"పెట్టి ఏం చేస్తానో నీకు తెలుసు. పట్టినదాన్ని మళ్ళీ వదలడానికి చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను."

మౌన్సీ కత్తి కింద పెట్టాడు. "అది జబ్బు పడిందా?"

"లేదు."

"తప్పేమన్నా చేసిందా?"

"లేదు."

"అయితే వెళ్ళిరా."

"జాస్..."

"విన్నీ, నా నేల మీద ఒంట్లో బాగున్న జంతువుని పరాయి రోగం పేరు చెప్పి ఒకసారి చంపారు. ఇంకోసారి చంపనివ్వను. వచ్చేవాళ్ళు కోటు తొడుక్కున్న సర్కారువాళ్ళైనా సరే, వంటబట్ట కట్టుకున్న నువ్వైనా సరే." ఇంత పొడుగు మాట ఆయన నోటి నుంచి నేను అంతకుముందు వినలేదు. తర్వాత నావైపు తిరిగాడు. "ఏరా పోస్టూ, ఎల్సీ పోయిన నాలుగేళ్ళలో ఆ బల్ల మీదకి వచ్చిన మొదటి చుట్టం అది. పొమ్మని చెప్పమంటావా?"

జోకులు వేయడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. నా జన్మలో అలాంటి సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇరవై ఏళ్ళ పైమాట. గాలికుంటు వ్యాధి దేశమంతా దావానలంలా పాకిన ఏడాది. మౌన్సీ మందలో ఒక్కదానికి కూడా నోట పుండు లేదు, కాలికి కుంటు లేదు. కొండకు అవతల ఎవరి మందకో వచ్చిందని, చుట్టుపక్కలవన్నీ చంపాలన్నారు. ఆరువందల నలభై గొర్రెలు, ఒక్క పగలు. ఆ రోజు ఉత్తరాల సంచి గేటు దగ్గర దింపి నేనూ నిలబడ్డాను. తుపాకీ చప్పుడు ఆగాక మౌన్సీ వచ్చి ఉత్తరం తీసుకున్నాడు. పశువుల దాణా ప్రకటన అది. ఆ రోజు నుంచే ఆయనకు మాటలు తగ్గిపోయాయి.

గేటు బయటికి వచ్చాక విన్నీ చాలాసేపు నడిచింది. చివరికి, "ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు టెడ్" అంది.

"మరి వదిలేద్దామా?"

"ఎవరన్నారు?" అని కళ్ళెర్రజేసింది. "ఆయన తప్పు కానంత మాత్రాన నేను తప్పవుతానా? నా ఇరవై మూడిట్లో ఒక్కదాన్ని కూడా పోనివ్వను. ఆ ఉడత ఏమనుకున్నా సరే, ఆ మనిషి ఏమనుకున్నా సరే."

ఆదివారం చర్చి బయట తలా ఒక సలహా ఇచ్చారు.

"ఆయన సంతకి వెళ్ళినప్పుడు చూసి బోను పెట్టేద్దాం."

"పై ఆఫీసుకి అర్జీ రాద్దాం. అడవిశాఖ వాళ్ళొచ్చి బలవంతంగా..."

"నోర్ముయ్యండి!" అంది విన్నీ. బడిలో పప్పు వద్దన్నవాడి మీద వాడిన గొంతు అది, యాభై ఏళ్ళ మగాళ్ళు కూడా చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "ఆ రోజు ఆయన్ని అడక్కుండా లోపలికి వచ్చినవాళ్ళని మనం ఇప్పటికీ తిడతాం. మనమూ అదే చేస్తామా? గోడకి అవతల ఆయన ఇష్టం. గోడ మీద నుంచి ఇటు నా ఇష్టం. కాపలా కాద్దాం."

"ఎన్నాళ్ళు?"

"అది విసుగెత్తి పోయేదాకా."

"ఉడతకి విసుగేంటి విన్నీ?"

"మనకి మాత్రం ఎందుకు?"

అలా మొదలైంది గరిటె కాపలా. విన్నీ ముందు చెట్లకున్న పెట్టెలన్నీ దింపేసింది. బూడిద వచ్చి మూతి పెట్టిన పెట్టెలో ఎర్రది మూతి పెడితే అంతే సంగతులు. తర్వాత జామ్ కాచే రాగి బాణలి ఒకటి, బడి నాటి గరిటె ఒకటి పట్టుకుని గోడెక్కి కూర్చుంది. గోడ మీద పిల్లిని అందరూ చూశారు, గోడ మీద విన్నీని మేమే చూశాం. బూడిద తోక కొమ్మల్లో కదిలిందంటే చాలు, ఠంగు ఠంగు ఠంగు! అది వెనక్కి మళ్ళేది. తెల్లారి నాలుగున్నర నుంచి పొద్దుగూకేదాకా, తలా మూడు గంటలు వంతు వేసుకున్నాం. పాస్టరమ్మ హార్మోనియం తెచ్చుకుంది. మాడ్ తన అత్తగారి ఇత్తడి బకెట్టు తెచ్చింది. నాకు ఏ పాత్రా అవసరం లేదన్నారు, గొంతు చాలన్నారు. నేను గోడెక్కి పాత పాటలు అందుకుంటే ఉడతే కాదు, మౌన్సీ ఆవులు కూడా అవతలి గట్టుకు పోయేవి.

"ఉడత ఊపులకి ఇన్ని గిన్నెలా!" అని నవ్వుకుంటూ పోయేవాళ్ళు, సెలవులకి కొండలెక్కడానికి వచ్చే పట్నం వాళ్ళు.

"ఊపులు ఉడతవి, కాపులు మావి" అనేవాణ్ణి నేను. వాళ్ళకి అర్థమయ్యేది కాదు. నాకది అలవాటే.

అవతలి నుంచి మౌన్సీ చూసేవాడు. తిట్టలేదు, ఆపమనలేదు. ఒకసారి వాన దంచుతుంటే గోడ దగ్గరికి వచ్చి, గొడుగు పట్టుకున్న విన్నీని చూసి, "పడతావు" అని మాత్రం అన్నాడు.

"పడితే నీ వైపు పడను" అంది విన్నీ.

అయినా లాభం లేకపోయింది. జూన్ ఆఖరి వారంలో బూడిద దొంగలాగా మేం వంతులు మారే వేళ కనిపెట్టింది. పాస్టరమ్మ దిగి మాడ్ ఎక్కే సందులో గోడ దాటి, విన్నీ అడవిలో పది నిమిషాలు తిరిగి, తాపీగా వెనక్కి పోయింది. ఆ పది నిమిషాలు విన్నీ చూసింది. గరిటె చేతిలోనే ఉంది, కొట్టలేదు. అంత దగ్గర్లో ఒక ఎర్ర తల్లి తన పిల్లను మెడ పట్టి ఇంకో గూటికి మోస్తోందట. చప్పుడు చేస్తే పిల్లను జారవిడుస్తుందని భయం.

ఆ సాయంత్రం విన్నీ ఇంటికెళ్ళి, అటక మీద నుంచి వాళ్ళ నాన్న ఉన్ని కత్తెర తీసింది.

జూలై పదో తారీకు మౌన్సీ కొట్టంలో ఉన్ని కోత. మా లోయలో ఉన్ని కోతకు కూలి ఉండదు, బదులు పని. నీ మందకి నేను, నా మందకి నువ్వు. కత్తెర పట్టుకుని గేటు దగ్గరికి వచ్చినవాణ్ణి, పగవాడైనా సరే, వెనక్కి పంపకూడదు. ఒక పగలు పని చేసినవాడు ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గరే తన బదులు అడగాలి. ఒక్కటే అడగాలి. ఇంటాయన కాదనకూడదు. అన్నాడో, వచ్చే ఏడు అతని గొర్రెలు తమ కోటు తామే విప్పుకోవాలి. కోతకు అందరం వెళ్తాం. నేను గొర్రెను కోయను, కోతలు కోస్తాను. అది కూడా కావాలి, పని సాగడానికి.

పొద్దున ఏడింటికి గేటు దగ్గర విన్నీ. వంటబట్ట, మగవాళ్ళ బూట్లు, చేతిలో తుప్పు వదిలించి నూరిన కత్తెర. లోపల కుర్రాళ్ళు కరెంటు మిషన్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

"ఏంటి విన్నీ, ఉన్ని చుట్టడానికా?" అన్నారెవరో.

"కోయడానికి."

"ఆ కత్తెరతోనా? సాయంత్రానికి రెండవుతాయి!"

"నీకు మూడో తరగతిలో పన్నెండో ఎక్కం రావడానికి ఎన్నాళ్ళు పట్టిందిరా? నేను అన్నం పట్టుకుని కాచుకోలేదూ?"

మౌన్సీ గేటు దగ్గరికి వచ్చాడు. కత్తెర చూశాడు. విన్నీని చూశాడు. ఎందుకొచ్చిందో ఆయనకి తెలుసు. తెలుసని ఆవిడకీ తెలుసు. గేటు గొళ్ళెం తీశాడు.

ఆ పగలు విన్నీ పదకొండు గొర్రెలు కోసింది. కుర్రాళ్ళు తలా అరవై, డెబ్భై. కానీ ఆ పదకొండిట్లో ఒక్కదానికి కూడా చర్మం గీసుకోలేదు. నాలుగోదాని దగ్గర ఆవిడ నడుము పట్టేసింది. "చాలు దిగు" అన్నాం. "నడుము నాదా మీదా?" అంది. తొమ్మిదోదాని దగ్గర వేలు బొబ్బ చితికి కత్తెర పిడి ఎర్రబడింది. గుడ్డ చుట్టుకుంది. పదకొండోది పొగరుబోతు పొట్టేలు. దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, "నీ యజమాని కంటే మొండిదానివేం కాదు, కదలకు" అంది. కొట్టమంతా నవ్వింది. మౌన్సీ మీసం చివర కూడా కదిలిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

రాత్రి భోజనాలకు పెద్దబల్ల వేశారు. గొర్రెమాంసం, బంగాళాదుంపలు కలిపి మట్టికుండలో ఉడికించిన కూర, ఎర్ర క్యాబేజీ పచ్చడి. ఒక్కొక్కరే లేచి బదులు అడిగారు. ఒకరికి గోడ కట్టడానికి ఒక రోజు, ఇంకొకరికి ఎండుగడ్డి మోయడానికి ట్రాక్టరు. ఆఖరికి విన్నీ లేచింది. చెయ్యి బల్లకి ఆనించి నిలబడింది.

"నీ తోపులో ఏడు రోజులు బోను."

మౌన్సీ తల ఎత్తలేదు.

"కాదనలేవని తెలుసు" అంది విన్నీ. "అట్లా మెడ మీద కూర్చుని తీసుకోవడం నాకిష్టం లేదు. అందుకని ఇంకో మాట చెప్తా, విను. విన్నాక కాదన్నా సరే, వచ్చే ఏడు కోతకి నేనొక్కదాన్నైనా వస్తా. ఆ ఉడతకి జబ్బు లేదు, పాపం లేదు. నేను చేసేది మంచిపనని కూడా అనను. కానీ జాస్, ఆ ఏడు నీకు పోయింది ఏంటి? గొర్రెలా? గొర్రెల్ని మళ్ళీ కొన్నావుగా."

మౌన్సీ పళ్ళేన్ని పక్కకి జరిపాడు. "కొన్నవి కొండెరగవు."

"అదీ."

"మా తాతకి తాత నాటి నుంచీ తల్లి పిల్లకి చూపించిన గడ్డి. కంచె లేకుండా ఎక్కడాగాలో తెలిసిన మంద. కొన్నవి మూడో లోయదాకా పోయేవి. నేనూ ఎల్సీ పన్నెండేళ్ళు రోజూ వెనక్కి తోలాం. అప్పటికి గానీ ఒక తరం నేర్చుకోలేదు."

"నీ మందకి నేర్పడానికి నువ్వున్నావు, ఎల్సీ ఉంది" అంది విన్నీ. "నా ఇరవై మూడూ పోతే, ఈ లోయలో ఏ చెట్టు ఏ నెల కాస్తుందో కొత్తవాటికి నేర్పడానికి ఎవరుంటారు? నేనా? చెట్టెక్కలేను. కొనుక్కురావడానికి సంతలో అమ్మరు. ఆ రోజు నీ కొండ ఖాళీ అవుతుంటే నీ గేటు దగ్గర ఊరికే నిలబడ్డాను. ఈసారి ఊరికే నిలబడను."

నాకు నాలిక దురద పెట్టింది, కొరుక్కున్నాను.

"బోను నేనే చూస్తా, రోజుకి రెండుసార్లు" అన్నాడు మౌన్సీ. "ఎర్రది పడితే నేనే వదులుతా. అది పడితే నిన్ను పిలుస్తా. ఆఫీసులోంచి ఒక్కడు కూడా రాకూడదు."

"రాడు. ఆ పని నాదే. ఎప్పుడూ ఇంకొకరి చేతికివ్వలేదు."

మర్నాడే బోను పెట్టాం. పైన నాచు కప్పి, లోపల మొక్కజొన్న. రెండో రోజు ఎర్రది పడింది. మౌన్సీ బోను తలుపు ఎత్తగానే అది పారిపోకుండా, ఎదురు కొమ్మెక్కి, కాళ్ళు టకటక కొడుతూ ఆయన్ని పావుగంట తిట్టిందట. "అచ్చం విన్నీయే" అని నాతో తనంతట తాను అన్నాడు. ఉత్తరం ఇవ్వడం కూడా మర్చిపోయేంత ఆశ్చర్యం వేసింది నాకు. నాలుగో రోజు అదే ఎర్రది మళ్ళీ పడింది, మళ్ళీ తిట్టింది. ఈసారి ఆయన జేబులోంచి హేజెల్ కాయ తీసి బండ మీద పెట్టాడు.

ఆరో రోజు పొద్దున బూడిద పడింది.

మౌన్సీ నడిచి వచ్చి విన్నీని పిలిచాడు. నేను ఉత్తరాలతో అక్కడే ఉన్నాను. బోనులో అది మొక్కజొన్న తింటూనే ఉంది. విన్నీ గోనెసంచి తీసింది. మౌన్సీ టోపీ తీశాడు. నేను చెట్టు వైపు తిరిగాను. అట్టే సేపు పట్టలేదు. తర్వాత విన్నీ చేతులు కడుక్కుంటుంటే మౌన్సీ నీళ్ళు పోశాడు.

అప్పుడు ఆయన బోను తీసుకుని, తుడిచి, మళ్ళీ అదే చోట పెట్టాడు. కొత్త మొక్కజొన్న పోశాడు.

"ఇంకొక్క రోజేగా మిగిలింది జాస్" అంది విన్నీ.

"ఒకటి దారి కనుక్కుంటే ఇంకోటి రాదా? ఉండనీ. ఈసారి నీ గరిటె కాదు, నా గొర్రెలకాపరి కన్ను చూస్తుంది." కొండ మీద నుంచి దిగే దారి వైపు ఒకసారి చూశాడు. "రానీ, ఎన్ని వస్తాయో."

ఆ తర్వాత ఆయన చేసిన పని మా లోయ చరిత్రలో లేదు. ఇంట్లోకి వెళ్ళి, ఎల్సీ గోడ మీద పెన్సిలుతో రాసిపెట్టిన ఒకే ఒక నంబరు తిప్పి, మాడ్‌కి ఫోను చేశాడు. "మౌన్సీ తోపులో బూడిద పోయింది" అన్నాడు. పెట్టేశాడు.

గంటన్నర తర్వాత నేనూ విన్నీ ఆయనతో టీ తాగుతుంటే బయట అడుగుల చప్పుడు. చూస్తే లోయ మొత్తం. నల్లబట్టలు. ముందు పాస్టరమ్మ, వెనక గుడ్డ కప్పిన పళ్ళేలు. ఈసారి మగాళ్ళు కూడా వచ్చారు, కోతనాడు పెట్టుకోని టైలు పెట్టుకుని.

మౌన్సీ గుమ్మంలో నిలబడ్డాడు. "మళ్ళీనా!" అన్నాడు.

పాస్టరమ్మ చేతిలోని పుస్తకం జారిపోయింది. "మాడ్ చెప్పింది... నువ్వు పోయావని... ఈసారి అనుమానం లేదంది, నువ్వే స్వయంగా ఫోను చేసి చెప్పావంది..."

"అప్పుడు మీకెవ్వరికీ ఏమీ అనిపించలేదా?" అని అడిగింది విన్నీ.

అందరూ మాడ్ వైపు తిరిగారు. ఆవిడ మాత్రం నల్లబట్టల్లో లేదు. పసుపు పూల గౌను వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడింది.

"నాకు చక్కగా వినిపించింది" అంది మాడ్. "బూడిద పోయింది అన్నాడు. నేనే మార్చి చెప్పా. నెలన్నరగా చెవిటి మాడ్, చెవిటి మాడ్ అని ఏడిపించుకు తింటున్నారు. నేనొక్కదాన్నీ ఇంటింటికీ తిరిగి ఏడ్చుకోవాలా? మిమ్మల్నందర్నీ ఒక్కచోటికి చేర్చాలంటే ఇంకో చావు తప్ప దారి కనపళ్ళేదు. క్షమించు జాస్, చేతికందినవాడివి నువ్వే. ఇప్పుడు అందరూ వినండి. చెప్పరా టెడ్. ఆ మంగళవారం ఫోను చేసినప్పుడు నీ నోట్లో ఏముంది?"

లోయలో ఉన్న కళ్ళన్నీ నా నోటి మీద పడ్డాయి. నా గొంతు మొదటిసారి ఒకడి గొంతంత అయింది.

"టాఫీ" అన్నాను.

"గట్టిగా!"

"నల్లబెల్లం పాకం టాఫీ. కట్టుడు పళ్ళకి అంటుకుపోయింది. 'మౌన్సీ తోపులో బూడిదయ్యో' అన్నా. తోపు టాఫీలో ఇరుక్కుపోయింది. మాడ్‌కి వినపడింది 'మౌన్సీ బూడిదయ్యో' మాత్రమే. ఆ మాటకి ఎవరికైనా బూడిదయ్యాడనే అర్థమవుతుంది. తప్పు మాడ్ చెవిది కాదు, నా పళ్ళది."

"నెలన్నర ఎందుకు చెప్పలేదు?"

"డాక్టరు టాఫీ తినొద్దన్నాడు. మా ఆవిడకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా?"

మా ఆవిడ మూడో వరసలోనే ఉంది. ఆ సంగతి అప్పుడే గమనించాను.

మౌన్సీ అరుగు మీదికి వచ్చి, ఒక్కో పళ్ళెం మీది గుడ్డ ఎత్తి చూశాడు. "అయితే ఆ తొమ్మిదీ నా చావు హ్యాములా?"

పాస్టరమ్మ తలూపింది.

"నేను లంచమనుకున్నా. బోను పెట్టుకోనివ్వాలని విన్నీ పంపించిందనుకున్నా. అందుకే ఛస్తే ఒప్పుకోకూడదని ఇంకాస్త బిగుసుకున్నా."

"మరి తిన్నావేం?" అంది విన్నీ.

"లంచం మీద కోపం, హ్యామ్ మీద కాదుగా" అని మౌన్సీ తలుపు బార్లా తెరిచాడు. "లోపలికి రండి. కత్తి తెస్తా. మాడ్, నువ్వు ముందు రా. ఆ పోస్టుగాడికి మాత్రం మెత్తటి ముక్క వెయ్యండి, పళ్ళు జాగ్రత్త."